బల్ల దగ్గరి దాకా

మా ఇంటికీ చర్చికీ మధ్య ఒకటే గోడ. అటువైపు పాట ఎత్తుకుంటే ఇటువైపు అమ్మ కుట్టుమిషను మీది కత్తెర సన్నగా వణికేది. నాన్న అక్కడ పాస్టరు. సంఘంలో అందరికీ ‘అయ్యగారు’. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా దేవుడి మాట వినపడని గంట మా ఇంట్లో ఉండేది కాదు. అలాంటి ఇంట్లోకి, ఆ ఏడాది వానలు మొదలవుతూనే, దేవుడు లేడనే మనిషి రెండు సంచులతో వచ్చి దిగింది. ఆవిడ నాన్నకి స్వయానా చెల్లెలు. నాకు మేనత్త.

ఒక సంచిలో బట్టలు, రెండో సంచిలో పుస్తకాలు. నేను రెండోది అందుకోబోతే, “అది వదిలెయ్, నీ భుజం దిగిపోతుంది. తేలికది నువ్వు పట్టుకో” అంది. గుమ్మంలో గొడుగు దులుపుకుని, ఇల్లంతా ఒకసారి కలియజూసి, “ఈ వాసన ఇంకా పోలేదే!” అంది. వానకి నానిన సున్నపు గోడల వాసన అది. ఇప్పుడా ఇల్లు లేదు. చర్చి పెద్దది చేసినప్పుడు పడగొట్టేశారు. అయినా ఎక్కడైనా పాత గోడ తడిస్తే చాలు, ఆ వాసనతో పాటు ఆ గొంతు కూడా నా చెవిన పడుతుంది.

అత్త రావడానికి కారణం నాన్నమ్మ. చర్చి మెట్ల మీద కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఇంక మంచం దిగే యోగం లేదన్నారు. అమ్మకేమో బళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. దగ్గరుండి చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. నాన్న ఫోను ముందు చాలాసేపు నిలబడి, చివరికి రిసీవరు అమ్మ చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. అత్త ఎక్కడో పెద్ద కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. మారు మాట్లాడకుండా సెలవు పెట్టి వచ్చేసింది.

నాన్నా అత్తా గొడవపడగా నేనెప్పుడూ చూడలేదు. పడి ఉంటే బాగుండేది. ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తూ కూడా ఇద్దరూ మా అమ్మ మీదుగా మాట్లాడుకునేవాళ్ళు. “వదినా, అన్నయ్యకి మంచినీళ్ళు కావాలేమో చూడు” అని ఈవిడ. “దానికి ఆ గదిలో ఉక్కపోస్తుందేమో కనుక్కో” అని ఆయన. మధ్యలో అమ్మ, “నేనేమన్నా తపాలా పెట్టెనా?” అని విసుక్కునేది.

నాన్న కొత్తగా పాస్టరైన రోజుల్లో అత్త ఆయన దగ్గరికి వెళ్ళి, “నాకు నమ్మకం లేదు అన్నయ్యా. చాలా రోజులుగా లేదు. దాచడం ఇష్టం లేక చెప్తున్నా” అందట. “అయితే బల్ల దగ్గరికి రాకు” అన్నాడట నాన్న. బల్లంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పెట్టి పంచే బల్ల. నెలకో ఆదివారం, నమ్మినవాళ్ళు దాని ముందున్న కొయ్య కమ్మీ దగ్గర మోకరించి చేతులు చాపుతారు. అత్త ఆ రోజు నుంచి రాలేదు. అన్న మాట మీద ఆయన నిలబడ్డాడు, విన్న మాట మీద ఈవిడ నిలబడింది. అంతే జరిగింది. దాని మీద ఇన్నేళ్ళ మౌనం పేరుకుపోయింది.

నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆ వానాకాలంలోనే నేను మొట్టమొదటిసారి బల్ల తీసుకోవాలి, అంటే ఆ రొట్టే ద్రాక్షరసమూ అందుకోవాలి.

* * *

నాన్నమ్మ కళ్ళకి పొరలు కమ్మి చాలా కాలమైంది. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. సాయంత్రం పూట ఎవరో ఒకరు ఆవిడకి బైబిలు వాక్యం చదివి వినిపించాలి. నాన్న చదివితే ప్రసంగమైపోయేది. నేను చదివితే సణుగుడైపోయేది. అత్త వచ్చిన రెండో రోజో మూడో రోజో, నా చేతిలోంచి గ్రంథం తీసుకుని మంచం పక్కన స్టూలు లాక్కుంది.

“నువ్వా!” అంది నాన్నమ్మ.

“అక్షరాలు వచ్చులే అమ్మా. నువ్వే నేర్పావు.”

నేను గుమ్మం దగ్గర కూర్చుని యూనిఫారాలకి బొత్తాలు కుడుతున్నాను. బయట చూరు నీళ్ళు బకెట్లోకి ధారగా పడుతున్నాయి. అత్త చదువుతూ చదువుతూ, యుద్ధం పూర్తయ్యేదాకా సూర్యుడు ఆకాశంలో కదలకుండా నిలిచిపోయిన చోటికి వచ్చి ఆగిపోయింది.

“అమ్మా, సూర్యుడు ఆగాడంట.”

“ఊఁ.”

“ఆగాలంటే భూమి ఆగాలి. అది ఉన్నట్టుండి ఆగితే యుద్ధం చేసేవాళ్ళ సంగతి అటుంచు, కొండలు కూడా ఎగిరి అవతల పడతాయి.”

“పడితే పడనీ. నువ్వు చదవడం ఎందుకాపావు? ఆయన సూర్యుణ్ణి ఆపితే నీకు తప్పుగానీ, నువ్వు నా కథ మధ్యలో ఆపితే తప్పు లేదా?”

అత్త పకపకా నవ్వింది. నేను నవ్వబోయి వేలికి సూది గుచ్చుకున్నాను. అవతలి గదిలో ప్రసంగం సిద్ధం చేసుకుంటూ అటూ ఇటూ తిరిగే నాన్న అడుగుల చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ అత్త చదవడం మొదలెట్టాక గానీ మొదలవలేదు.

తర్వాత రోజూ అదే వరస. ఓడలో అన్ని జంతువులు ఎలా పట్టాయని ఒక రోజు, చేప కడుపులో మనిషికి గాలి ఎక్కడిదని ఇంకో రోజు. నాన్నమ్మ ప్రతిదానికీ జవాబు చెప్పేది, ఒక్కదానికీ లొంగేది కాదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరితో, “మా అమ్మాయి చదివితే వినాలి” అనేది గొప్పగా. “మనం అలవాటైన దారిలో నడిచినట్టు కళ్ళు మూసుకుని చదివేస్తాం. అదేమో కొత్త ఊళ్ళో అడుగేసినట్టు మాట మాటకీ ఆగి చూస్తుంది.”

వచ్చినవాళ్ళు ఆ మాటకి ఎటు తల ఊపాలో తెలియక అత్త వైపు చూసేవాళ్ళు.

* * *

ముసురు పట్టి ఎన్నాళ్ళకీ వదల్లేదు. ఉతికిన బట్టలన్నీ ఇంట్లోనే దండేల మీద. ఒక మధ్యాహ్నం నేనూ అత్తా చెరోవైపు కొసలు పట్టుకుని దుప్పట్లు మడతపెడుతున్నాం. ఎన్నాళ్ళుగానో నోట్లో నానుతున్న మాట అప్పుడు బయటపడింది.

“అత్తా, దేవుడు లేడని నీకెలా తెలిసింది?”

ఆవిడ దుప్పటి విదిలించింది. “తెలిసిందని ఎవరన్నారు? ఉన్నాడని చెప్పలేకపోయాను, అంతే. అందరూ ఏమనుకుంటారంటే నాకేదో పెద్ద దెబ్బ తగిలిందనుకుంటారు. ఎవరో పోయారనీ, ఎవరో మోసం చేశారనీ. ఏమీ లేదు. వేళకి తిన్నాను, హాయిగా నిద్రపోయాను. కూర్చుని ఆలోచించాను. నోటితో అంటున్నది నిజమని నాకే అనిపించలేదు.”

“నాకూ ఒక్కోసారి…”

నేను మాట పూర్తి చెయ్యలేదు. చర్చి గోడ వినేస్తుందేమోనని భయం. మడతపెట్టడానికి ఇద్దరం దగ్గరికి వచ్చాం. నా చేతిలోని కొసలు తన చేతిలోకి తీసుకుంటూ అత్త అక్కడే నిలబడింది.

“చూడు. నేనంటే ముద్దని నమ్మకం మానుకోకు. మీ నాన్నంటే భయమని నమ్మాననీ చెప్పకు. ఈ రెండూ చెయ్యకుండా ఉండు. తర్వాత నీ ఇష్టం.”

ఆ సాయంత్రం నాన్న నన్ను తన గదిలోకి పిలిచాడు. బల్ల తీసుకోబోయేవాళ్ళకి ఆయన చెప్పే పాఠాల్లో నాదింకా ఒకటి మిగిలుంది. పాఠం మొదలెట్టకుండా, “అత్త నీతో ఏమంటోంది?” అన్నాడు.

దాచాలనిపించలేదు. అన్నదన్నట్టు అప్పజెప్పాను. నాన్న కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడవడం మొదలెట్టాడు. అద్దాలు శుభ్రమైపోయాయి. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

“అది నేను చెప్పవలసిన మాట” అన్నాడు చివరికి. ఇంక ఆ రోజు పాఠం లేదు.

* * *

నాన్నమ్మకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. డాక్టరు వచ్చి చూసి, వెళ్తూ వెళ్తూ నాన్న భుజం మీద చెయ్యేశాడు. మా డాక్టరు అలా చెయ్యి వేశాడంటే ఇంక మందులు రాయడని ఊరందరికీ తెలుసు.

ఆ కబురు తెలిసి వచ్చినవాళ్ళలో ఆమేన్ తాత ఒకడు. ఆయనకి ఇనుప సామాన్ల కొట్టుంది, సంఘంలో పెద్ద. ఎవరి ప్రార్థనైనా పూర్తికాకముందే ఆయన ‘ఆమేన్’ ఖంగుమనేది. ఆ తొందరకే ఆ పేరు. నాన్నమ్మని పలకరించి, వసారాలోకి వచ్చి అత్తని పిలిచాడు.

“అమ్మా, పెద్దావిడ మనసులో ఒకటే కోరిక ఉంది. నీకు తెలియంది కాదు.”

“తెలుసు బాబాయ్.”

“మరి తీర్చెయ్యరాదూ! ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే నీ సొమ్మేం పోయింది? పిసరంత రొట్టె ముక్కే కదమ్మా!”

అత్త ఆయన వైపు తిరిగింది. “మీకు రొట్టె ముక్కేనా బాబాయ్? నాకు అలా లేదు” అంది. తాత గొడుగు తెరుచుకుని వానలోకి దిగాడు.

కానీ మర్నాడు నాన్నమ్మే అడిగింది. అత్త ఆవిడ జుట్టు దువ్వుతోంది. నేను కాళ్ళకి నూనె రాస్తున్నాను.

“నేను పోయేలోపు నువ్వు బల్ల దగ్గర మోకరించగా చూడాలే.”

“నీకు కళ్ళు కనపడవు కదమ్మా.”

“కళ్ళున్నవాళ్ళు చెప్తారు. కిటికీ తెరిస్తే పాట వినబడుతుంది. ఇప్పుడు వెళ్ళుంటుంది, ఇప్పుడు వంగుంటుంది అని నేను అనుకుంటా.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “బలవంతం లేదు. అడగాలనిపించింది, అడిగాను.”

అత్త చేతిలో దువ్వెన అదే పాయలో పదే పదే నడిచింది.

* * *

బల్ల ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం, నేను పెరటి అరుగు మీద ద్రాక్షరసం పోసే చిన్న గాజు గ్లాసులు కడుగుతున్నాను. అమ్మ కాల్చిన రొట్టె లోపల తెల్లగుడ్డ కింద ఉంది. నాన్న గడప మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. అత్త నాన్నమ్మ దుప్పట్లు ఉతికి తెచ్చి, బకెట్టు కింద పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

“అన్నయ్యా.”

అమ్మ మీదుగా కాదు, నేరుగా. నా చేతిలో గ్లాసు జారబోయింది.

“రేపు నేనొస్తాను.”

“ఎక్కడికి?”

“తెలిసి అడుగుతావేం? బల్ల దగ్గరికి.”

నాన్న బ్రష్షు ఆపాడు. “నమ్ముతున్నావా?”

“లేదు.”

“మరి?”

“అమ్మ అడిగింది. అమ్మకింక ఎన్నాళ్ళుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నా అబద్ధం ఒకవైపు, అమ్మ సంతోషం ఒకవైపు పెట్టి తూచి చూశాను. అబద్ధమే తేలిగ్గా ఉంది.”

వాన వెలిసి ఉంది. చూరు మీంచి చుక్కలు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న ‘వద్దు’ అంటాడని నాకు తెలుసు. అనకపోతే ఆయన మా నాన్నే కాదు.

“రా” అన్నాడు నాన్న. “నేనేమీ అడగను.”

అత్త ఉలిక్కిపడింది. గోడనుకుని ఆనుకుంటే అది తెరై వెనక్కి పడిపోబోయిన మనిషిలా కనిపించింది.

“నిజంగానా?”

“అమ్మ కదా” అన్నాడాయన. అప్పటికే మెరుస్తున్న బూటు తీసుకుని మళ్ళీ మొదటినుంచీ తుడవడం మొదలెట్టాడు.

ఇన్నేళ్ళకి ఇద్దరికీ ఒక మాట కుదిరింది. ఇంట్లో పండగలా ఉండాలి. కానీ ఆ సాయంత్రం అవతలి గదిలో నాన్న అడుగుల చప్పుడు లేదు. అత్త చదివేటప్పుడు ఎక్కడా ఆగలేదు, దేనికీ అడ్డు చెప్పలేదు. గడగడా చదివేసి పుస్తకం మూసింది. “ఏంటే, ఇవాళ అన్నీ ఒప్పేసుకున్నావు?” అంది నాన్నమ్మ. భోజనాల దగ్గర ఇద్దరూ పళ్ళెంలో వేళ్ళు కదిపి లేచిపోయారు. అమ్మ వాళ్ళ పళ్ళేల వంకా, నా వంకా చూసి నిట్టూర్చింది.

* * *

ఆదివారం పొద్దున తెరిపిచ్చింది. నాన్నమ్మ గది కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఆవిడ తల కింద ఇంకో దిండు పెట్టి, మేము చర్చికి వెళ్ళాం. అత్త అమ్మ చీర ఒకటి కట్టుకుంది. లోపలికి రాగానే బెంచీల్లో తలలు ఒక్కొక్కటే తిరిగాయి. ముందు బెంచీలో ఆమేన్ తాత మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోయింది.

నాన్న ఆ రోజు ఏం ప్రసంగం చేశాడో నాకు గుర్తులేదు. ఆయనకీ గుర్తుండి ఉండదు. పాట మొదలైంది. వరసలు వరసలుగా లేచి వెళ్ళి మోకరిస్తున్నారు. మా వరస వచ్చింది. అత్త, ఆవిడ పక్కన నేను. కమ్మీ కొయ్య వానాకాలం చలికి చల్లగా ఉంది. అత్త రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చాపింది. చిన్నప్పుడు నేర్చుకున్నది చేతులు మరిచిపోలేదు. చాక్‌పీసు పట్టుకుని పట్టుకుని మొద్దుబారిన వేళ్ళు అవి.

నాన్న ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తున్నాడు. ప్రతి ఒక్కరికీ ‘ఇది నీ కోసం ఇచ్చిన ప్రభువు శరీరం’ అనే మాట మెల్లగా చెప్తూ, అరచేతిలో ముక్క పెడుతున్నాడు. అత్త ముందుకి వచ్చాడు. ముక్క తీశాడు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు.

అత్త తలెత్తి చూసింది. ఆయన అత్తని చూశాడు. వెనక పాట సాగుతూనే ఉంది. ఆ చూపుల్లో కోపం లేదు, బతిమాలడం లేదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఏదో దొంగపని చెయ్యబోయి, ఒక్కసారే ఇద్దరికీ మనసొప్పక ఆగినట్టుంది. అత్త వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. ముందు ఆవిడ చెయ్యి మూసిందో, ముందు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడో, అంత పక్కనే ఉన్న నాకు ఇప్పటికీ తెలియదు. ముక్క పళ్ళెంలోకి వెళ్ళిపోయింది. నాన్న ఆ ఖాళీ చెయ్యి అత్త తల మీద పెట్టాడు. చాలాసేపు ఉంచాడు.

తర్వాత నా ముందుకి వచ్చాడు.

అంతవరకూ నాకు ఎన్నో సందేహాలున్నాయి. ఆ తర్వాతా ఉన్నాయి, కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ క్షణంలో ఒకటి మాత్రం అర్థమైంది. చావుబతుకుల్లో ఉన్న తల్లి కోసం కూడా ఒకరు అబద్ధంగా ఇవ్వలేక, ఇంకొకరు అబద్ధంగా తీసుకోలేక పోయారంటే, ఆ పళ్ళెంలో ఉన్నది ఉత్త రొట్టె కాదు. నేను చెయ్యి చాపాను.

* * *

ఆరాధన అయిపోగానే పక్క తలుపులోంచి ఇంటికి పరిగెత్తాను. నాకంటే ముందు ఆమేన్ తాత నాన్నమ్మ కిటికీ దగ్గరికి చేరుకున్నాడు.

“తీసుకుందమ్మా! నీ కూతురు బల్ల తీసుకుంది! దేవుడికి స్తోత్రం!” కిటికీ ఊచలు పట్టుకుని చెప్తున్నాడు. పాపం, ఆయన అబద్ధం చెప్పలేదు. ముందు బెంచీలోంచి మోకరించడం చూశాడు, నాన్న చెయ్యి చూశాడు. మిగతాది సంతోషంలో తనే పూరించుకున్నాడు.

నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన వెళ్ళిపోయాడు. నాన్నమ్మ దిండ్ల మీద వాలి ఉంది. ఊపిరి పిల్లికూతలు కూస్తోంది. నా అలికిడి విని చెయ్యి చాపింది.

“నువ్వేనా? ఇలా రా. తీసుకుందా?”

“ఆమేన్ తాత చెప్పాడు కదా నాన్నమ్మా.”

“ఆయన ప్రార్థన అవకముందే ఆమేన్ అనే మనిషి. నువ్వు పక్కనున్నావు. నువ్వు చెప్పు.”

అవునంటే అయిపోతుంది. ఆ ముసలి మొహం విచ్చుకుంటుంది. ఎవరూ నన్ను తప్పుపట్టరు. నాన్న కూడా ఏమీ అనడు, అత్త అసలే అనదు. నా నాలుక మీద ఆ మాట సిద్ధంగా ఉంది. నాలుక మీద ఇంకా రొట్టె రుచి కూడా ఉంది.

“లేదు నాన్నమ్మా. తీసుకోలేదు.”

నాన్నమ్మ చెయ్యి నా చేతిలో కదల్లేదు. కిటికీలోంచి జనం మాటలు, సైకిలు గంటలు వినిపిస్తున్నాయి.

“మోకరించిందా?”

“మోకరించింది.”

“చేతులు చాపిందా?”

“చాపింది. తర్వాత మూసేసుకుంది.”

“మీ నాన్నేం చేశాడు?”

“తల మీద చెయ్యి పెట్టాడు.”

నాన్నమ్మ పొరలు కమ్మిన కళ్ళతో పైకప్పు వంక చూసింది. తర్వాత ఒక పెద్ద పని ముగించుకుని వచ్చిన మనిషిలా ఊపిరి వదిలింది.

“సర్లే. బల్ల దగ్గరి దాకా వచ్చిందిగా. మిగతాది నేను పైకి వెళ్ళాక మాట్లాడుకుంటాను.”

అప్పుడే తలుపు తోసుకుని నాన్నా అత్తా లోపలికి వచ్చారు. ఇద్దరూ ఒకే తలుపులోంచి, కలిసి. చెప్పవలసింది ఏదో ఇద్దరూ నోట్లో పెట్టుకుని వచ్చినట్టున్నారు. నాన్నమ్మ వాళ్ళని నోరు తెరవనివ్వలేదు.

“ఒరేయ్, ఏమని దీవించావురా?”

“ఏమీ అనలేదమ్మా. మాట పెగల్లేదు.”

“పోన్లే. చెయ్యి పెట్టావుగా.” ఆవిడ అత్త వైపు తిరిగింది. “నిన్న నువ్వు చదివింది ఒక్క ముక్క నాకు ఎక్కలేదు. పుస్తకం తీసి మళ్ళీ చదువు. ఎక్కడ నచ్చకపోతే అక్కడ ఆగు.”

అత్త చీర కూడా మార్చుకోకుండా స్టూలు లాక్కుని కూర్చుంది. రెండో వాక్యం దగ్గరే ఆగింది. “అమ్మా, ఇది ఎలా కుదురుతుంది?” అంది. నాన్న ఎప్పటిలా తన గదిలోకి వెళ్ళిపోలేదు. మంచం కోడు పక్కన నేల మీద చతికిలబడి, “కుదరదు, నిజమే. నాకూ అక్కడ ఎప్పుడూ కుదర్లేదు” అన్నాడు.

* * *

ఊళ్ళో రెండు మాటలూ వినిపించాయి. సొంత చెల్లెలికే రొట్టె ఇవ్వని రాతిగుండె అని కొందరు, నమ్మకం లేనిదాన్ని అసలు ఎందుకు మోకరించనిచ్చాడని కొందరు. నాన్న రెండిటికీ తలవంచుకుని ఊరుకున్నాడు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో, ఒక పొద్దున, అత్త మొహం తుడుస్తుండగానే నాన్నమ్మ పోయింది. తుడవడం ఆపకుండా అత్త ఆ మొహమంతా శుభ్రంగా తుడిచి, తడిగుడ్డ పిండి, అప్పుడు మమ్మల్ని పిలిచింది. సమాధి దగ్గర నాన్న ప్రార్థన చేశాడు. తిరిగి వస్తుంటే ఆమేన్ తాత ఆయన పక్కన చేరాడు.

“అయ్యగారూ, మీ చెల్లెమ్మ గురించి సంఘంలో అడుగుతున్నారు. ఏమని చెప్పమంటారు?”

“బల్లని గౌరవించిందని చెప్పండి.”

ఆ ఒక్కసారి తాత ఆమేన్ అనలేదు. ఆలోచిస్తూ నడిచాడు.

సెలవు అయిపోయి అత్త బయల్దేరిన రోజు ఆకాశం తేటగా ఉంది. అమ్మకి జ్వరం తగిలి ఇంట్లోనే ఉండిపోయింది. నాన్నా నేనూ బస్సెక్కించడానికి వెళ్ళాం. పుస్తకాల సంచి నాన్న మోశాడు. బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. నేను కాస్త ఎడంగా నిలబడ్డాను.

“ప్రార్థన చెయ్యనా?” అన్నాడు నాన్న, మొహమాటంగా. సంఘంలో ఎవరు ఊరెళ్తున్నా అడగకుండానే చేసే మనిషి.

“చెయ్యి. నాకేం? కానీ కళ్ళు మూసుకోను.”

“మూసుకోమని ఎక్కడా రాసిలేదులే.”

“ఆహా! మరి చిన్నప్పుడు నేను ప్రార్థనలో కళ్ళు తెరిచానని అమ్మకి చాడీ చెప్పి రోజూ మొట్టికాయలు తినిపించింది ఎవరు?”

“తెరిస్తే చెప్పనా?”

“నేను తెరిచానని నువ్వెలా చూశావ్ అన్నయ్యా?”

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. “అంటే… ఒక్కోసారి…” అన్నాడు. అత్తకి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. నాన్న కూడా నవ్వేశాడు. ఆయన భుజాలు కదిలేలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. బస్టాండులో జనం తిరిగి చూశారు.

మలుపు దగ్గర బస్సు హారను వినిపించింది. నాన్న తొందరగా అత్త చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలెట్టాడు. దారిలో కాపాడమని, కాలేజీలో పిల్లలు బుద్ధిగా వినేలా చెయ్యమని, మళ్ళీ త్వరగా ఇంటికి తీసుకురమ్మని, మామూలు మాటలే. నేను అలవాటుగా కళ్ళు మూసుకుని, ఉండబట్టలేక తెరిచాను. అత్త కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

నాన్నవీ తెరుచుకునే ఉన్నాయి. చెల్లెలి మొహంలోకి చూస్తూ ఆయన దేవుడితో మాట్లాడుతున్నాడు.